గ్లైకాల్ కడుతుంది, ఫాస్ఫైట్ కాస్తుంది: పెట్ సీసా లోపలి రసాయనం

విజయవాడ చుట్టుపక్కల నీళ్ల సీసాలు ఊదే యూనిట్లలో ఆపరేటర్లను తికమకపెట్టే సంగతి ఒకటుంది. మెషిన్ అదే, అచ్చు అదే, ల్యాంపుల సెట్టింగ్ నిన్నటిదే, ప్రీఫామ్ (ఊదకముందు ఉండే మందపాటి ప్లాస్టిక్ గొట్టం) బరువూ మారలేదు. మారిందల్లా అట్టపెట్టె మీద లాట్ నంబరు. అయినా సీసా మెడ కింద పొగపట్టినట్టు మసక దిగుతుంది. ఇంకో లాట్ వస్తే కథ అడ్డం తిరుగుతుంది: ప్రీఫామ్ చాలినంత వేడెక్కక, బాగా సాగే చోట ముత్యంలా మెరుస్తూ తెల్లబారుతుంది. ముందు కరెంటును తిడతారు, ఆ తర్వాత చిల్లర్‌ను. చాలాసార్లు తప్పు వాటిదే. కానీ రెండూ సరిగ్గానే ఉన్నాయని తేలినప్పుడు అనుమానించాల్సింది, ఎక్కడో గుజరాత్‌లోనో బెంగాల్‌లోనో ఆ రెజిన్‌ను, అంటే పెట్ అనే సీసా ముడి ప్లాస్టిక్‌ను, వండేటప్పుడు కిలోకు పది, ఇరవై మిల్లీగ్రాముల చొప్పున వేసిన ఫాస్ఫరస్‌ను.

అంత చిన్న మోతాదు సీసా రంగునూ, వేడెక్కే తీరునూ, నీళ్ల రుచినీ ఎలా మారుస్తుంది? అది తెలియాలంటే ఇథిలీన్ గ్లైకాల్ అనే ముడి ద్రవం, ఆ ఫాస్ఫరస్‌ను మోసుకొచ్చే ఫాస్ఫైట్ ఒకే పాత్రలో ఏం చేస్తాయో చూడాలి. పాత సీసాల ఫ్లేక్స్‌ను (తరిగిన ముక్కలను) మళ్లీ వాడుకోవాలనుకునేవాళ్లకు ఈ లెక్క మరీ అవసరం. ఎందుకంటే 'ఈ పొడి కలిపితే పాత పెట్ కొత్తదవుతుంది' అని అమ్మే సరుకులో ఎక్కువ భాగం ఫాస్ఫైటే. అది కొత్తదేమీ చేయదు. ఉన్నది పాడవకుండా కాస్తుంది, అదీ కొంతమేరకే.

20 గ్రాముల సీసాలో ఏముంది

లీటరు నీళ్ల సీసా బరువు 20 గ్రాములనుకుందాం. అందులోకి 17.3 గ్రాముల టెరెఫ్తాలిక్ యాసిడ్, దాదాపు 6.5 గ్రాముల ఇథిలీన్ గ్లైకాల్ వెళ్లాయి. రెండూ కలిసేటప్పుడు 3.75 గ్రాముల నీరు విడిపోయి బయటికి పోయింది. మిగిలింది 20 గ్రాముల పెట్. దానితోపాటు 250 పీపీఎం (కిలోకు అన్ని మిల్లీగ్రాములు) చొప్పున 5 మిల్లీగ్రాముల ఆంటిమొనీ, 20 పీపీఎం చొప్పున 0.4 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఆ గోడల్లోనే ఉండిపోయాయి. ఆంటిమొనీ ఉత్ప్రేరకం, అంటే చర్యను ఉరికించేది. ఫాస్ఫరస్ దాన్ని అదుపులో పెట్టేది. ఈ అంకెలు రెజిన్ గ్రేడును బట్టి మారతాయి. ఆంటిమొనీ సాధారణంగా 150 నుంచి 300 పీపీఎం మధ్య, ఫాస్ఫరస్ అందులో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది.

పెట్‌ను మొదట తయారుచేసింది 1941లో, మాంచెస్టర్‌లోని కాలికో ప్రింటర్స్ అసోసియేషన్‌లో పనిచేసిన జాన్ రెక్స్ విన్‌ఫీల్డ్, జేమ్స్ టెనెంట్ డిక్సన్. వాళ్లకు కావలసింది బట్టల దారం. సీసా ఆలోచన చాలా తర్వాతిది. డ్యూపాంట్ ఇంజనీరు నథానియల్ వైత్‌కు పెట్ సీసా మీద పేటెంటు 1973లో వచ్చింది. దారానికి పసుపుఛాయ కాస్త ఉన్నా రంగు అద్దకంలో కలిసిపోతుంది. నీళ్ల సీసాకు ఆ వెసులుబాటు లేదు. ఫాస్ఫరస్ మీద ఇంత పట్టింపు రావడానికి అదొక కారణం.

తయారీలో గ్లైకాల్ నడక చూస్తే సంగతి సగం అర్థమవుతుంది. మొదట టెరెఫ్తాలిక్ యాసిడ్ పొడిని గ్లైకాల్‌తో జారుగా కలుపుతారు. ఒక మోల్ (అణువుల సంఖ్యను లెక్కించే కొలత; దానిలో వెయ్యో వంతు మిల్లీమోల్) యాసిడ్‌కు 1.1 నుంచి 1.3 మోల్‌ల గ్లైకాల్, అంటే కావలసినదానికన్నా కొంచెం ఎక్కువే. 250-270 డిగ్రీల దగ్గర నీరు విడిపోతూ చిన్న చిన్న ముక్కలు తయారవుతాయి. వాటి కొసల్లో గ్లైకాల్ వేలాడుతూ ఉంటుంది. తర్వాత 275-290 డిగ్రీలకు పెంచి, గాలి పీల్చేసి పీడనాన్ని ఒక మిల్లీబార్ దరిదాపులకు దింపుతారు. అప్పుడు రెండు ముక్కలు కలిసిన ప్రతిసారీ ఒక గ్లైకాల్ అణువు ఊడి ఆవిరైపోతుంది. దాన్ని ఎంత బాగా బయటికి లాగితే గొలుసు అంత పొడవు పెరుగుతుంది. వ్యాక్యూమ్ కొంచెం కారిందంటే గొలుసు అక్కడే ఆగిపోతుంది.

అంటే గ్లైకాల్ కలవడంతో పెట్ మొదలవుతుంది, గ్లైకాల్ పోవడంతో పూర్తవుతుంది. ఈ చర్య రెండు వైపులా నడుస్తుంది కాబట్టి, అదే పెట్‌ను గ్లైకాల్ నిండుగా పోసి మరిగిస్తే గొలుసు ముక్కలు ముక్కలవుతుంది. రీసైక్లింగ్‌లో వాడుకునేది ఈ గుణాన్నే. దాని సంగతి తర్వాత.

ఉత్ప్రేరకం కూడా గ్లైకాల్‌లోంచే వస్తుంది. ఆంటిమొనీ ట్రైఆక్సైడ్ తెల్లటి పొడి, నీళ్లలో కరగదు. వేడి గ్లైకాల్‌లో మాత్రం కరిగి ఆంటిమొనీ గ్లైకోలేట్‌గా మారుతుంది. ఆ ద్రావణాన్నే రియాక్టర్‌కు పంపుతారు.

ఫాస్ఫేట్ వేరు, ఫాస్ఫైట్ వేరు

గుంటూరు మిర్చి రైతుకు ఫాస్ఫేట్ బాగా తెలుసు, డీఏపీ బస్తాలో ఉండేది అదే. ఫాస్ఫైట్ పేరు కూడా మందుల కొట్టులో వినిపిస్తుంది, కొన్ని శిలీంధ్రాలను అడ్డుకోవడానికి వాడే పొటాషియం ఫాస్ఫైట్ రూపంలో. పలకడంలో ఒక్క అక్షరమే తేడా. మొక్క మాత్రం ఫాస్ఫేట్‌ను తిన్నట్టు ఫాస్ఫైట్‌ను తినలేదు. ఫాస్ఫేట్‌లోని ఫాస్ఫరస్ ఆక్సిజన్‌తో పూర్తిగా నిండిపోయింది, దానికిక ఆకలి లేదు. ఫాస్ఫైట్‌లోని ఫాస్ఫరస్‌కు ఇంకో ఆక్సిజన్‌ను పట్టే చోటుంది. ఎదురైన పదార్థం దగ్గర ఆక్సిజన్ ఉంటే లాక్కుని తాను ఫాస్ఫేట్‌గా మారుతుంది. కొనేటప్పుడూ ఇదే జాగ్రత్త: ఫాస్ఫారిక్ యాసిడ్, ఫాస్ఫరస్ యాసిడ్ ఒకటి కావు. మొదటిది ఫాస్ఫేట్ కుటుంబం, రెండోది ఫాస్ఫైట్ కుటుంబం. బిల్లులో ఒక అక్షరం తారుమారైతే డ్రమ్ములో వేరే సరుకు వస్తుంది.

పెట్ కరుగులో ఈ ఆకలి రెండు చోట్ల పనికొస్తుంది. వేడి ప్లాస్టిక్‌కు గాలి తగిలితే గొలుసు మీద హైడ్రోపెరాక్సైడ్లు పుడతాయి. అవి విరిగి, మరిన్ని గొలుసులను విరగ్గొట్టి, పసుపు రంగు తెస్తాయి. ఫాస్ఫైట్ ఆ పెరాక్సైడ్‌లోని అదనపు ఆక్సిజన్‌ను లాగేసి దాన్ని సాధు ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఒక పెరాక్సైడ్‌కు ఒక ఫాస్ఫైట్ ఖర్చు. ఉత్ప్రేరకంలా మళ్లీ మళ్లీ పనిచేయదు, దీపంలో నూనెలా అయిపోతుంది. ఒకసారి ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్‌ను కరిగించి నెట్టే మెషిన్) దాటిన ఫ్లేక్‌లో పాత ఫాస్ఫైట్ ఇంకా కాపలా కాస్తోందని అనుకోకూడదు.

రెండో పని లోహాలను కట్టిపడేయడం. గొలుసు కట్టే లోహమే, కట్టడం పూర్తయ్యాక ఆ వేడిలో ఖాళీగా ఉండక గొలుసును కొరకడం మొదలుపెడుతుంది. పాత పద్ధతిలో, టెరెఫ్తాలిక్ యాసిడ్‌కు బదులు డైమిథైల్ టెరెఫ్తాలేట్‌తో చేసేటప్పుడు, మొదటి అంచెకు మాంగనీస్, జింక్ లాంటివి వాడతారు. ఆ అంచె అయిపోగానే ఫాస్ఫరస్ సమ్మేళనం వేసి వాటి నోరు కట్టాలి. 60 పీపీఎం మాంగనీస్ అంటే కిలోకు 1.09 మిల్లీమోల్. ఒకటికి ఒకటి చొప్పున కట్టాలంటే అంతే ఫాస్ఫరస్ కావాలి, అంటే 34 పీపీఎం. ఈ పనికి ఫాస్ఫేట్ అయినా సరిపోతుంది. ఆక్సిజన్ ఆకలితో దీనికి సంబంధం లేదు. ఫాస్ఫైట్ మంచిదా ఫాస్ఫేట్ మంచిదా అని అడిగితే సూటిగా జవాబు రాకపోవడానికి ఇదే కారణం. లోహమే మీ సమస్య అయితే రెండూ ఒకటే. గాలి సమస్య అయితే ఫాస్ఫైటే కావాలి.

నీళ్ల రుచికీ దీనికీ సంబంధం ఉంది. పెట్ గొలుసు వేడికి విరిగినప్పుడు పుట్టేది అసిటాల్డిహైడ్. మరిగే ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు కాస్త పైన, కాబట్టి మన ఊళ్లలో అది వాయువే. సీసా గోడలోంచి మెల్లగా నీళ్లలోకి దిగి, పండిన పండులాంటి తీపి వాసన ఇస్తుంది. కూల్‌డ్రింక్‌లో అది ఎవరికీ తెలియదు, మంచినీళ్లలో దొరికిపోతుంది. అందుకే నీళ్ల ప్రీఫామ్‌కు పరిమితి బిగువుగా, సాధారణంగా 3-4 పీపీఎం దగ్గర పెట్టుకుంటారు. చురుగ్గా ఉన్న లోహం తగ్గితే అసిటాల్డిహైడ్ తగ్గుతుంది. కానీ అసలు మందు కరుగు ఉష్ణోగ్రతను, బ్యారెల్‌లో అది ఉండే సమయాన్ని తగ్గించడమే. 295 డిగ్రీల దగ్గర నిలవబెట్టి, ఫాస్ఫైట్ ఉందిగా అని ధీమాగా ఉంటే లాభం లేదు.

బూడిదరంగు ఎక్కడిది

ఇప్పుడు మొదటి పేరాలోని ప్రీఫామ్ దగ్గరికొద్దాం. ఫాస్ఫైట్ ఆకలికి పెరాక్సైడ్ ఒక్కటే దొరకదు, పక్కనే ఆంటిమొనీ కూడా ఉంది. ఫాస్ఫైట్ దాన్ని క్షయకరణం చేసి, అంటే దాని ఆక్సిజన్‌ను లాగేసి, లోహపు ఆంటిమొనీగా మారుస్తుంది. గ్లైకాల్‌లో కరిగి కనిపించకుండా ఉన్నది కాస్తా కంటికి ఆనని నల్లటి రేణువులవుతుంది. రెజిన్ రంగు కొలిచే మీటరులో తెల్లదనం సూచించే ఎల్ విలువ పడిపోతుంది. పలుచటి సీసాలో పెద్దగా తెలియదు; మందపాటి ప్రీఫామ్‌ను తెల్ల కాగితం మీద నిలబెట్టి పైనుంచి చూస్తే బూడిదఛాయ పట్టుకోవచ్చు.

లెక్క వేద్దాం. రెండు ఆంటిమొనీలను లోహంగా మార్చడానికి మూడు ఫాస్ఫైట్లు కావాలి. 20 పీపీఎం ఫాస్ఫరస్ అంటే కిలోకు 0.65 మిల్లీమోల్. అదంతా ఈ ఒక్క పనికే ఖర్చయినా 0.43 మిల్లీమోల్, అంటే 52 మిల్లీగ్రాముల ఆంటిమొనీ మాత్రమే లోహమవుతుంది. నిజానికి అందులో కొంతే అవుతుంది. కానీ నల్లరేణువు పరారుణ కాంతిని పీల్చడంలో గట్టిది, కొద్దిపాటి పీపీఎంలు కూడా తేడా చూపిస్తాయి.

ఊదే మెషిన్‌లో ప్రీఫామ్‌ను వేడిచేసేది ఆ కాంతే. బూడిదఛాయ లేని పెట్ దాన్ని చాలామటుకు వదిలేస్తుంది. బూడిదఛాయ ఉన్నది ఎక్కువ పీల్చుకుని త్వరగా వేడెక్కుతుంది. 95-110 డిగ్రీల మధ్య ఉండాల్సిన ప్రీఫామ్ ఆ గీత దాటితే పెట్ స్ఫటికాలు కట్టి మసకబారుతుంది. అది పొగలాంటి మసక, గోరుతో గీకినా నునుపుగా ఉంటుంది. చల్లగా ఉన్న ప్రీఫామ్‌ను బలవంతంగా సాగదీస్తే గోడలో సన్నటి చీలికలు పడి ముత్యపు మెరుపు వస్తుంది. ఈ రెండింటినీ కలగలిపితే ల్యాంపులను తప్పు వైపు తిప్పుతారు. మొదటిదానికి ల్యాంపులు తగ్గించాలి, రెండోదానికి పెంచాలి. ఒక్కో జోన్‌ను రెండు శాతం చొప్పున మార్చి, పది సీసాలు ఊది చూశాకే తర్వాతి జోన్‌కు వెళ్లాలి.

ఇదే గుణాన్ని కొందరు తయారీదారులు కావాలని వాడుకుంటారు. ఆంటిమొనీని కొద్దిగా లోహంగా మార్చి, త్వరగా వేడెక్కే రెజిన్ అని అమ్ముతారు. ఊదేవాళ్లకు కరెంటు ఆదా. కాబట్టి బూడిదఛాయ ఉన్నంత మాత్రాన అది నాసిరకం కాదు. చిక్కల్లా, ఒక రకానికి కుదిర్చిన సెట్టింగ్‌తో ఇంకో రకాన్ని ఊదడంలోనే ఉంది.

తయారీ దగ్గర జరిగే పొరపాట్లలో తరచు కనిపించేది వరస తప్పడం. ఆంటిమొనీ గ్లైకోలేట్‌నూ ఫాస్ఫరస్ యాసిడ్‌నూ ఒకే గ్లైకాల్ ట్యాంకులో, గాఢంగా ఉన్నప్పుడే కలిపితే అక్కడే మడ్డి దిగుతుంది. ఫిల్టర్లు మూసుకుపోతాయి, ఉత్ప్రేరకం సగం చచ్చి రియాక్టర్‌లో గొలుసు పెరగదు. వాటిని వేర్వేరు చోట్ల, బాగా పలుచన చేసి, ఫాస్ఫరస్‌ను ఆలస్యంగా వేయడమే దారి. టైటానియం ఉత్ప్రేరకమైతే మరీ సున్నితం; ఫాస్ఫరస్ దాన్ని గట్టిగా పట్టేస్తుంది. మరీ ముందుగా వేసిన ఆమ్లంతో ఇంకో నష్టం, రెండు గ్లైకాల్ అణువులు తమలో తాము కలిసి డైఇథిలీన్ గ్లైకాల్ అవడం. అది గొలుసులో దూరితే పెట్ కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, వేడికి తట్టుకోవడమూ తగ్గుతుంది.

ఫాస్ఫైట్ వేసింది వేసినట్టు ఉండదన్నది పరిశోధన చూపించిన ఇంకో సంగతి. ట్రైఫినైల్ ఫాస్ఫైట్‌ను తీసుకోండి: ఫాస్ఫరస్ చుట్టూ మూడు ఫినైల్ గుంపులు. దాన్ని వేడి గ్లైకాల్‌లో వేస్తే గ్లైకాల్ ఒక్కో ఫినైల్‌ను తోసేసి ఆ చోట తాను కూర్చుంటుంది. ఊడింది ఫినాల్‌గా బయటపడుతుంది. గ్లైకాల్‌కు రెండు చేతులున్నాయి కాబట్టి రెండింటితోనూ అదే ఫాస్ఫరస్‌ను పట్టుకుని అయిదు పరమాణువుల వలయం కట్టగలదు. లేదా ఒక చేత్తో ఫాస్ఫరస్‌ను, ఇంకో చేత్తో పెట్ గొలుసును పట్టుకోగలదు. వలయంలాంటి చిన్న ముక్కలు వ్యాక్యూమ్‌లో ఎగిరిపోతాయి, గొలుసుకు అంటుకున్నవి నిలుస్తాయి. వేసిన ఫాస్ఫరస్, చివర్లో కొలిచిన ఫాస్ఫరస్ సమానంగా రాకపోతే తూకం తప్పిందని కంగారు పడనక్కర్లేదు.

పాత ఫ్లేక్స్: ముందు నీళ్ల లెక్క

ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలకు 2022లో చేసిన సవరణ గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో రీసైకిల్ సరుకును 2025-26లో 30 శాతంతో మొదలుపెట్టి 2028-29 నాటికి 60 శాతానికి పెంచాలని చెప్పింది. అప్పటినుంచి ఫ్లేక్స్‌కు గిరాకీ, వాటిలో కలిపే పొడులకు ప్రచారం రెండూ పెరిగాయి. పొడి సంగతికి ముందు తేమ సంగతి తేల్చుకోవాలి.

పెట్ గాలిలోంచి నీటిని పీల్చుకుంటుంది. కృష్ణ ఒడ్డున శ్రావణమాసపు ముసురులో తెరిచిపెట్టిన బస్తాలో 0.3 శాతం వరకూ తేమ ఉండొచ్చు. కరుగులో ఒక నీటి అణువు ఒక గొలుసును తెంచుతుంది. సగటు అణుభారం 25,000 ఉన్న కిలో పెట్‌లో 40 మిల్లీమోల్‌ల గొలుసులుంటాయి. తేమ 50 పీపీఎం ఉంటే నీరు 2.8 మిల్లీమోల్, అదంతా గొలుసులను కోసినా సగటు 23,400కు దిగుతుంది, ఫర్వాలేదు. అదే 0.3 శాతం ఉంటే నీరు 166 మిల్లీమోల్. అదంతా పనిచేస్తే సగటు 5,000 లోపు పడిపోతుంది, సీసా కాదు కదా గిన్నె మూత కూడా రాదు. ఏ ఫాస్ఫైటూ దీన్ని ఆపలేదు. డ్రైయర్ ఒక్కటే ఆపుతుంది: 160-170 డిగ్రీల వేడి, మైనస్ 40 డిగ్రీల మంచుబిందువు (గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే అంకె) ఉన్న పొడి గాలి, 4 నుంచి 6 గంటలు. ఉత్త వేడి గాలి హాపర్ చాలదు; బయటి గాలిలోనే తేమ నిండుగా ఉన్నప్పుడు దాన్ని వేడిచేసి ఊదితే ఒరిగేది తక్కువ.

డ్రైయర్ సరిగ్గా ఉన్నాక ఫాస్ఫైట్ మాట్లాడుకోవచ్చు. బజారులో 168 నంబరుతో దొరికే తెల్లటి పొడి ట్రిస్ డైటెర్ట్‌బ్యూటైల్‌ఫినైల్ ఫాస్ఫైట్. అది కరిగేది 183 డిగ్రీల పైన, కాబట్టి డ్రైయర్‌లో ముద్ద కట్టదు. మోతాదు 0.1 శాతం, అంటే 25 కిలోల బస్తాకు 25 గ్రాములు. అందులో ఫాస్ఫరస్ బరువు 4.8 శాతమే, కాబట్టి పెట్‌లోకి చేరేది 48 పీపీఎం. 0.2 శాతం దాటితే డబ్బు దండగే కాక, ఫ్లేక్‌లోని ఆంటిమొనీ మీద పడి బూడిదరంగు పెంచుతుంది. అది చేయగలిగింది పసుపు పెరగకుండా చూడటం, స్నిగ్ధత (గొలుసు పొడవును చెప్పే కొలత) ఇంకా పడిపోకుండా కొంత ఆపడం. 0.68కి పడిపోయిన స్నిగ్ధతను 0.80కి తేవడం దాని పని కాదు. అందుకు 200-220 డిగ్రీల దగ్గర వ్యాక్యూమ్‌లోనో నైట్రోజన్‌లోనో గంటల తరబడి ఘనస్థితిలోనే గొలుసు పెంచాలి, లేదా గొలుసులను అతికే వేరే పదార్థం కావాలి.

ఇక్కడ ట్రైఫినైల్ ఫాస్ఫైట్ ఒక మినహాయింపులా కనిపిస్తుంది. ఎక్స్‌ట్రూడర్‌లో అది రెండు గొలుసు కొసలను కలిపి స్నిగ్ధతను నిజంగానే పెంచుతుందని 1980ల నుంచి పరిశోధనా పత్రాలు వచ్చాయి. మెషిన్ టార్క్ పెరగడం కళ్లారా కనిపిస్తుంది. అమ్మేవాళ్లు చూపించేది ఆ గ్రాఫే. చూపించనిది రెండు: ఊడిన ఫినాల్ ప్లాస్టిక్‌లోనే వాసన కొడుతూ మిగలడం; ఫాస్ఫరస్ అవశేషాలు తేమ తగిలి ఆమ్లమై, నిల్వలో, మళ్లీ కరిగించినప్పుడు గొలుసును తెంచడం. తాడుకో స్ట్రాపింగ్‌కో ఆలోచించవచ్చు. తిండికి, నీళ్లకు తగిలే సరుకులో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

గ్లైకాల్‌తో వెనక్కి తిప్పడం

మరకలు పడి, రంగులు కలిసి, కరిగించి వాడలేనంత పాడైన పెట్‌కు గ్లైకాల్ దారి మిగిలి ఉంది. కిలో ఫ్లేక్స్‌కు 4 కిలోల గ్లైకాల్, అంటే 3.6 లీటర్లు, జింక్ అసిటేట్ 10 గ్రాములు. నైట్రోజన్ కింద, ఆవిరి తిరిగి పాత్రలోకే పడేలా కండెన్సర్ పెట్టి, 190-196 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు కలుపుతూ ఉంచాలి. గ్లైకాల్ 197 దగ్గర మరుగుతుంది కాబట్టి మామూలు పీడనంలో అంతకన్నా పైకి పోదు. ముక్కలన్నీ మాయమయ్యాక చల్లార్చి, వేడినీళ్లు పోసి, వేడిమీదే వడగట్టాలి. గుడ్డ మీద మిగిలేది పూర్తిగా తెగని ముక్కలు. మళ్లీ మొదటి పాత్రలో వేసుకోవచ్చు. వడిసిన ద్రవాన్ని ఒక రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంచితే తెల్లటి సూదుల్లా స్ఫటికాలు దిగుతాయి; పెట్ తయారీలో మొదట పుట్టే, రెండు కొసల్లోనూ గ్లైకాల్ ఉన్న చిన్న ముక్కలే ఇవి. అవి 109-110 డిగ్రీల దగ్గర కరిగితే శుద్ధంగా వచ్చినట్టు. 105 దగ్గరే మెత్తబడితే రెండు ముక్కలు అతికి ఉన్న డైమర్‌లాంటి కల్తీ మిగిలిందన్నమాట. కాగితం మీద కిలోకు 1.32 కిలోలు రావాలి. అంత రాదు, చర్య రెండు వైపులా నడిచేది కావడంతో కొంత భాగం ఎప్పుడూ డైమర్‌గా మిగులుతుంది. ఇంకా సేపు ఉంచితే పెరిగేది స్ఫటికం కాదు, డైఇథిలీన్ గ్లైకాల్.

మూతల ప్లాస్టిక్ నీళ్లలో తేలుతుంది, సులువుగా తీసేయొచ్చు. పీవీసీ లేబుల్ ముక్క పెట్‌లాగే మునుగుతుంది. అదొక్కటి చాలు, వేడికి యాసిడ్ వదిలి బ్యాచ్ మొత్తాన్ని గోధుమరంగు చేస్తుంది.

ఫ్లేక్స్‌లో మిగిలిన ఫాస్ఫరస్ జింక్‌ను చంపేస్తుందని తరచు రాస్తుంటారు. అంకెలు చూస్తే అది సగం నిజమే. 10 గ్రాముల జింక్ అసిటేట్ అంటే దాదాపు 45 మిల్లీమోల్‌లు. ఫ్లేక్‌లోని 20 పీపీఎం ఫాస్ఫరస్ 0.65 మిల్లీమోల్. ఏనుగు మీద దోమ. కానీ ఖర్చు తగ్గించడానికి జింక్‌ను అర గ్రాముకు దించి, 0.2 శాతం ఫాస్ఫైట్ కలిపిన సరుకు వేస్తే లెక్క తిరగబడుతుంది: జింక్ 2.3 మిల్లీమోల్, ఫాస్ఫరస్ 3.1. అప్పుడు నాలుగు గంటలైనా ముక్కలు ముక్కల్లాగే ఉంటాయి.

ఆ స్ఫటికాలను మళ్లీ పెట్‌గా మార్చాలంటే కథ మొదటికొస్తుంది. వాటిలో 100 పీపీఎం జింక్ మిగిలి ఉంటే అది 1.5 మిల్లీమోల్, కట్టడానికి 47 పీపీఎం ఫాస్ఫరస్ కావాలి. ఇక్కడ పని లోహాన్ని పట్టడమే కనుక ఫాస్ఫారిక్ యాసిడ్ చాలు. ఫాస్ఫైట్ వేస్తే ఆంటిమొనీని కూడా నల్లబరుస్తుంది.

గ్లైకాల్ తీయగా ఉంటుంది, నీళ్లలా కనిపిస్తుంది, కొన్ని గుక్కలతో మూత్రపిండాలు పాడై ప్రాణం పోతుంది. గొలుసులో బిగిసిన గ్లైకాల్ వేరు, డ్రమ్ములోని గ్లైకాల్ వేరు. ఆటోనగర్‌లో కూలెంటును మంచినీళ్ల సీసాలో పోసి పెట్టే అలవాటు మానాల్సింది అందుకే.

ఎండలో పెట్టిన సీసా మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 20 గ్రాముల సీసాలో 5 మిల్లీగ్రాముల ఆంటిమొనీ ఉంటే, దానిలో 0.4 శాతం లీటరు నీళ్లలోకి దిగినా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న 20 మైక్రోగ్రాముల గీతను చేరుతుంది. గది ఉష్ణోగ్రతలో దిగేది దానికి చాలా దూరం, సాధారణంగా ఒక మైక్రోగ్రాము దరిదాపుల్లో. వేడి 60 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే వేగం పెరుగుతుంది. రోహిణి కార్తెలో తలుపులు మూసిన వ్యాను లోపల పేర్చిన పెట్టెలు ఆ అంకెకు దగ్గరపడతాయి. నీళ్లు తాగి ఒక్కరోజులో జబ్బు పడతారని కాదు, పెట్టెల మీద పట్టా కప్పి నీడన పెట్టడం సులువు కాబట్టి.

కొనేవాళ్లు రెజిన్ సర్టిఫికెట్‌లో స్నిగ్ధత ఒక్కటే చూసి ఊరుకుంటారు. ఎల్ విలువ, పసుపుఛాయను చెప్పే బి విలువ, అసిటాల్డిహైడ్ కూడా అడగాలి. లాట్ మారినప్పుడు ఎల్ విలువ రెండు మూడు పాయింట్లు కదిలితే ల్యాంపులు కదపాల్సి వస్తుందని ముందే తెలుస్తుంది. ఆంటిమొనీ, ఫాస్ఫరస్ ఎంతుందో తేల్చాలంటే నమూనాను ఆమ్లంలో జీర్ణం చేసి మూలకాలు కొలిచే పరికరం కావాలి; గన్నవరం దగ్గర సూరంపల్లిలోని సీపెట్ (కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థ) లాంటి చోట ప్లాస్టిక్ పరీక్షలు చేయించుకోవచ్చు. ఫాస్ఫైట్ పొడి కొన్నవాళ్లు బస్తా తెరిచిన తేదీ దాని మీదే రాసి, మిగిలింది గాలి చొరని డబ్బాలో పోయాలి. ముద్ద కట్టి ఫినాల్ వాసన వస్తే అది తేమకు ఇప్పటికే విరిగింది. దాన్ని హాపర్‌లో వేస్తే కాపలాకు బదులు ఆమ్లం పోసినట్టే, ముందుగా తినేది బ్యారెల్ స్క్రూనే.